తవుడికి కొన్న పిల్ల

తవిటమ్మకు పచ్చ వచ్చింది.

ఫోనులో ఆ చిన్న ఆకుపచ్చ చుక్క చూసి సువర్చల గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఆడపడుచుకి ఏడో నెల నడుస్తోంది. చేసుకున్నదేమో సొంత మేనమామ కొడుకుని. మేనరికం అనగానే సువర్చల పనిచేసే చోట అందరూ ముందు కనుబొమలు ముడివేస్తారు, తర్వాత లెక్క వేస్తారు. లెక్క తేలి పచ్చ వచ్చిందంటే ఇక బెంగ లేదన్నమాట. అక్కడికక్కడే తవిటమ్మకు ఫోన్ చేసింది.

“పచ్చేనే పిల్లా! ధైర్యంగా పురిటికి వచ్చెయ్.”

“పచ్చంటే ఏటొదినా, పాసైపోయినట్టేనా?” తవిటమ్మ నవ్వింది. “మీ తమ్ముడికి సెప్తానుండు. పదో తరగతి మూడుమాట్లు తప్పినోడు, దీన్లోనైనా పాసయ్యానని సంబరపడతాడు.”

ఆ లెక్క వేసే చోటు భీమిలి దారిలో, సముద్రం కనబడే కొండ మీద ఉంది. బోర్డు మీద ‘జన్యు సమాచార పరిశోధన కేంద్రం’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా జనం మాత్రం ‘వంశాల ఆఫీసు’ అంటారు. డైరెక్టర్ చిదంబరరావుగారికి అవధానాలంటే పిచ్చి. ఏళ్ళ తరబడి కూర్చుని తయారుచేసిన లెక్కల యంత్రానికి ఆయన ‘పూరణ’ అని పేరు పెట్టుకున్నారు. “ఒక్క పాదమిస్తే మిగతా పద్యం పూరించడం లేదూ? ఇదీ అంతే. ఇంట్లో ఒకరిద్దరి రక్తం ఇవ్వండి, వంశమంతా నేను పూరిస్తాను” అనేవారు. గొప్ప చెప్పుకోవడం కాదు, నిజంగానే పూరించారు. అన్న రక్తం, మేనత్త రక్తం, చిన్నతాత మనవడి రక్తం ఉంటే చాలు. వాళ్ళ నడుమ జన్మలో సూది మొహం చూడని మనిషి ఒంట్లో ఏ రోగం పొంచి ఉందో పూరణ చెప్పేసేది. గుండె ఆగిపోయే వాళ్ళను ఆగకముందే పట్టింది. పుట్టుచెవుడును కడుపులో ఉండగానే పట్టింది. ప్రభుత్వం మురిసిపోయి మూడు జిల్లాల జన్యు పరీక్షలన్నీ ఆ కొండ మీదికే అప్పగించింది. బయటి ల్యాబుల్లో ఆ పరీక్షలు ఆపించేశారు. ఆస్పత్రుల్లో ఖరీదైన మందుల బీరువాలు కూడా పూరణ వేసిన రంగు చూసే తెరుచుకునేవి.

సువర్చలది వంశవృక్షాల విభాగం. ఎవరికి ఎవరు పుట్టారో సర్వే పిల్లలు ఇల్లిల్లూ తిరిగి అడిగి వస్తే, ఆ కొమ్మలన్నీ సరిచూసి చెట్టుకి తగిలించడం ఆమె పని. సొంతవాళ్ళ చెట్టు ముట్టుకోకూడదని నియమం ఉండడం వల్ల అత్తవారి చెట్టు ఆమె ఏనాడూ తెరవలేదు. తెరవాల్సిన అవసరం వస్తుందని అనుకోనూ లేదు.

*

తవిటమ్మ పురిటికి పెందుర్తి వచ్చింది. అన్నగారిల్లే పుట్టిల్లు, తల్లి అప్పలనరసమ్మ ఉండేది అక్కడే కాబట్టి. కూతురు ఆటో దిగుతుంటే ఆవిడ గుమ్మంలోకి కూడా రాలేదు. వంటింట్లోంచే “వచ్చినావా? కాళ్ళు కడుక్కో” అంది. అది ఆవిడ పద్ధతి. కూతురిని దగ్గరికి తీసుకోవడం గానీ, “నా తల్లే” అనడం గానీ సువర్చల ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఒక్కనాడూ చూడలేదు. పెళ్ళైన కొత్తలో ఇదేం తల్లమ్మా అనుకుంది. తర్వాత అలవాటైపోయింది.

ఆ సాయంత్రం వీధి అరుగు మీద అత్తాకోడళ్ళు తోటకూర ఏరుతుంటే ఎదురింటి రత్నమాలగారు వచ్చి కూర్చుంది.

“ఏమ్మా నరసమ్మగారూ, మీ అమ్మాయి నిండుగా, లక్ష్మీకళతో ఉంది. ఎవరి పోలికో!”

“మా పిల్ల కాదమ్మా అది. తవుడికి కొన్నది” అంది అప్పలనరసమ్మ తల ఎత్తకుండా. “లచ్చిమి ఏటి, సూడండి, పెనం అడుగున మసిలాగుంది.”

లోపల్నుంచి తవిటమ్మ గొంతు వినబడింది. “మసైతే మసి గానీ, మసి పిల్లకి ఆకలేస్తంది. తవుడైనా పెడతారా?”

అందరూ నవ్వారు. సువర్చల కూడా నవ్వింది. నవ్వుతూనే చేతిలో కాడ విరవబోయి ఆగిపోయింది. ఆ మాట ఆమె వందసార్లు విన్నది. ఇవాళే మొదటిసారి తన ఆఫీసు చెవులతో విన్నది. రత్నమాలగారు వెళ్ళేదాకా ఊరుకుని, మెల్లగా అడిగింది.

“అత్తా, వంశాల ఆఫీసు నుంచి సర్వేకి వచ్చినవాళ్ళతో కూడా ఇలాగే చెప్పావా?”

“మరెలగ సెప్పమంటావు?”

“నీ పిల్ల కాదని?”

“కొన్నానన్నాను. ఎవుల దగ్గర కొన్నావమ్మా అన్నాడు ఆ కుర్రోడు. గౌరమ్మ దగ్గరన్నాను. ఉన్నమాటే గదా. మా వీధిలో గౌరమ్మకి నలుగురు పిల్లలు, నలుగురూ రాయిలాగున్నారు. దాని సెయ్యి మంచిదని పిల్లని పుట్టగానే దాని ఒళ్ళో ఎట్టేసి, సేటెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కున్నాను.”

“ఎందుకత్తా?”

అప్పలనరసమ్మ చుట్టూ చూసింది. వీధిలో ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించింది. “మీ ఆయనెనక ఇద్దరు పోనారు. ఇది పుట్టినాక మా అత్త సెప్పింది, ఒలే, ఇది నీదని వాడికి తెలిస్తే దీన్నీ ఒట్టుకుపోతాడు, నీది కాదను అని. వాడంటే ఎవుడో నానింక పేరెట్టి సెప్పను. ఆనాటి నుంచీ అదే మాట. నిద్దట్లో లేపి అడిగినా అదే మాట.”

“జ్వరంతో పోయారని చెప్పారు నాకు.”

“జొరం కాదు. వడిలిపోనారు.” ఆవిడ చేతిలోని కాడను చూపించింది. కోసి ఎంతసేపైందో, రెండు వేళ్ళ మధ్య వాలిపోయి ఉంది. “ఇలగే. పుట్టినప్పుడు బాగానే పుట్టినారు. కొన్నాళ్ళకి మెడ నిలిసేది కాదు. కాళ్ళాడేవి కావు. కళ్ళు మాత్రం మిలమిలా సూసేవోరు. ఏడవడానికి కూడా ఊపిరి సాలేది కాదమ్మా వాలకి.”

సువర్చల చేతిలోని తోటకూర పక్కన పెట్టింది.

ఆ జబ్బు పేరు ఆమెకు తెలుసు. దాని మందు పేరూ తెలుసు. తన భర్త సత్యం రక్తంలో దాని దోషం ఒక పాలు ఉందనీ, ఒక్క పాలు ఉంటే ఏ బాధా లేదనీ ఆఫీసువాళ్ళు ఎప్పుడో చెప్పారు. తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు కలిసి వస్తేనే బిడ్డ వడిలిపోతుంది. తవిటమ్మ మొగుడు గోవిందు ఆ మేనమామ కొడుకే కదా, అతని రక్తంలోనూ ఒక పాలున్నట్టు అప్పుడే తేలింది. ఇక తవిటమ్మ సంగతి తెలియాలి. పూరణ తవిటమ్మను పూరించింది గౌరమ్మ రక్తంతో. వీధిలో ఉండే గౌరమ్మ, నలుగురు రాయిలాంటి పిల్లల తల్లి గౌరమ్మ. పచ్చ రాకేం చేస్తుంది?

*

“ఆవిడ ఏమంది? కొన్నానంది. ఎవరి దగ్గర? గౌరమ్మ దగ్గర. ఇందులో మనవాళ్ళు తప్పు రాసిందేముందమ్మా?” అన్నారు చిదంబరరావుగారు.

“అది ఆచారం సార్. పిల్లలు పోయిన ఇంట్లో పుట్టిన బిడ్డను...”

“ఆచారాలకి పూరణ పూచీపడదు. అబద్ధం చెప్పి నిజమైన వైద్యం కావాలంటే ఎలా?”

“ఒక్క చుక్క రక్తం తీయండి సార్. ఒక్క సూది. నిజమేదో తేలిపోతుంది.”

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. పిల్లలకు పాఠం చెప్పే ఓర్పు ఆ మొహంలో కనబడింది. “సూది లేని పరీక్ష అని దేశమంతా చెప్పాం. ఈ ఏడాది చివర్లో జరిగే సభకు నాలుగు రాష్ట్రాల వాళ్ళు వచ్చి సంతకాలు పెడుతున్నారు. ఇవాళ మీ ఆడపడుచుకి గుచ్చితే, పూరణ మీద పూరణకే నమ్మకం లేదన్నట్టు కాదూ? పోనీ మీ ఇంటి మనిషని చేస్తే రేపు ఊరంతా చెయ్యి చాపుతుంది.”

“చాపనివ్వండి సార్.” సువర్చల గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. “నిన్నంతా సర్వే జవాబులు వెతికాను. ‘కొన్న పిల్ల’ అని రాసిన ఇళ్ళు వేలల్లో ఉన్నాయి. తవుళ్ళు, తవిటయ్యలు, పెంటయ్యలు, పుల్లమ్మలు. వాళ్ళందరినీ వీధిలో ఎవరి రక్తంతోనో పూరించాం. పిల్లలు పోని ఇంట్లో ఎవరూ తవుడిచ్చి కొనుక్కోరు సార్. జబ్బు ఏ ఇళ్ళలో ఉందో, వెతికి వెతికి సరిగ్గా ఆ ఇళ్ళకే మనం పచ్చ వేస్తున్నాం.”

ఆయన కళ్ళద్దాలు తీసుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆమె మాట ఆయనకు అర్థమైంది. ఆ మనిషికి అర్థం కానిది లేదు, అదే సువర్చలకు ఒళ్ళు మండించింది. తెలివితక్కువవాడైతే జాలిపడి ఊరుకునేది.

“ముందు సభ జరిగిపోనీండి. తర్వాత ఒక కమిటీ వేసి చూద్దాం” అన్నారాయన. “అందాకా చెట్లలో మార్పులకి తాళం వేయిస్తున్నాను. మీరు ఆవేశంలో ఏమైనా చేసి చిక్కుల్లో పడకూడదు. మీ మంచికే.”

మీ మంచికే అన్నమాట విని సువర్చల బయటికి వచ్చింది. వరండా పొడుగునా గోడల మీద నవ్వుతున్న పసిపిల్లల బొమ్మలున్నాయి. ఇన్నేళ్ళూ వాటిని చూసుకుంటూ నడిచేది. ఆవేళ తల తిప్పుకుని నడిచింది.

*

సంస్థలో సూదీ రక్తమూ ఇంకా మిగిలిన చోటు ఒకటే, కింది అంతస్తులో ఆధార విభాగం. అనాథాశ్రమాల పిల్లలకు అమ్మానాన్నలెవరో తెలియదు కనుక, పూరించడానికి ఏ ఆధారమూ దొరకదు కనుక, వాళ్ళకు మాత్రం రక్తం తీస్తారు. ఆ పని చూసేది ఫర్హానా.

“ఇది బయటపడితే ఇద్దరం బీచిలో పకోడీల బండి పెట్టుకోవాలక్కా” అంది ఫర్హానా, సువర్చల ఇచ్చిన చిన్న సీసాను వెలుగులో పట్టి చూస్తూ.

“నీకు పకోడీలు వేయడం వచ్చా?”

“రాదు. నా భయమంతా అదే.”

తవిటమ్మ చేతినుంచి ఆ రక్తం తీసింది కూడా ఫర్హానాయే, పెందుర్తి ఇంటికి భోజనానికని వచ్చి. గర్భిణి రక్తంలో బిడ్డ జాడ కూడా ఉంటుంది. ఒక్క సీసాలో ఇద్దరి సంగతీ తెలుస్తుంది. తవిటమ్మ చెయ్యి చాపి “దీనికేటి రంగొస్తాదొదినా?” అంటే సువర్చల “రంగు కాదే, నిజం” అని తప్పించుకుంది.

నిజం వచ్చింది. ఫర్హానా పకోడీల మాట ఎత్తలేదు. తెర మీద చూపించి పక్కకు తిరిగి నిలబడింది. తవిటమ్మలో ఒక పాలు. బిడ్డలో రెండూ.

సువర్చల ఆ ఫలితం పట్టుకుని మళ్ళీ పైకి వెళ్ళింది. చిదంబరరావుగారు చాలాసేపు చూశారు. చూసి, మూసి, ఆమె వైపు తోశారు.

“ఈ రక్తం సంస్థలో నమోదు కాలేదు. కాబట్టి దీన్ని నేను చూడలేదు.”

“చూశారు సార్.”

“ఫర్హానా ఉద్యోగం ఉండాలంటే నేను చూడలేదనే మీరూ అనుకోవాలి.”

“బిడ్డ పుట్టగానే మందు పడాలి. ఆలస్యమైతే అయిన నష్టం మళ్ళీ వెనక్కి రాదు. ఆ సంగతి ఈ గదిలో గోడ మీదే రాసి పెట్టుకున్నాం.”

“సభ అయ్యాక” అన్నారాయన.

సత్యం సంగతి విని మొదట నమ్మలేదు. నమ్మాక చెప్పులైనా సరిగా తొడుక్కోకుండా పెద్దాస్పత్రికి పరిగెత్తాడు. అక్కడి డాక్టరమ్మ మంచిదే. ఫర్హానా కాగితం చూసి, బీరువా దగ్గరికి తీసుకెళ్ళి, తన కార్డు పెట్టి చూపించింది. బీరువా తెరుచుకోలేదు. “పచ్చ రంగు ఉన్నవాళ్ళ పేరు మీద ఇది తెరుచుకోదండీ. నా చేతిలో ఉంటే నేను ఆపుతానా?” అంది. అద్దంలోంచి లోపల మందు సీసాలు కనబడుతూనే ఉన్నాయట. సత్యం ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ పిడికిలితో గోడను కొట్టాడు. “అద్దం పగలగొట్టేద్దామనిపించింది సువర్చలా. వెనక పోలీసున్నాడు.”

*

ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే కేర్‌మంది. గోవిందు రాజాం జూట్‌మిల్లు నుంచి పంచదార పొట్లంతో వచ్చి అందరి నోళ్ళలో పోశాడు. అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు. “అక్కా, అరుపు సూసినారా? మా మిల్లు సైరన్‌లాగుంది” అని సువర్చలతో అన్నాడు. ఆమె నోట్లో పంచదార కరగలేదు.

చెప్పక తప్పింది కాదు. తవిటమ్మ విని ఏడవలేదు. “ఉన్నదా మందు?” అంది. ఉంది. “మనూళ్ళోనే ఉన్నదా?” ఉంది. “మరి ఇవ్వరేటి?” సువర్చల ఇంత చదువు చదివి, అంతకాలం ఆ కొండ మీద పనిచేసి, బాలింతరాలి ముందు దొంగలా నిలబడాల్సి వచ్చింది.

నెల తిరగకముందే పిల్ల అరుపు సన్నబడింది. పాలు తాగుతూ తాగుతూ అలిసిపోయేది. పడుకోబెట్టినచోట కాళ్ళు కప్పకాళ్ళలా విడిపోయి అలాగే ఉండిపోయేవి. అప్పలనరసమ్మ ఒక్కసారి వచ్చి చూసి, గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ రోజు ఆవిడ అన్నం ముట్టలేదు.

గోవిందు మాత్రం ఊరుకోలేదు. పిల్లను భుజానేసుకుని వెళ్ళి కొండ మీది గేటు ముందు నిలబడి అరిచాడు. “ఒరే బాబూ, బయటికి రండ్రా! మీరు పచ్చేసిన పిల్ల ఇదే! మెడ సూడండి! ఒకడైనా వచ్చి మెడ సూసి సెప్పండి, పచ్చో కాదో!” ఎవరో అది ఫోనులో తీశారు. సాయంత్రానికి అందరి ఫోనుల్లోనూ అదే.

మర్నాడు ఉదయమే చిదంబరరావుగారు సువర్చలను పిలిపించారు. గొంతులో కొత్త మెత్తదనం వచ్చింది. “మీ అత్తగారిని తీసుకురండి. ఆ అమ్మాయి తన కూతురేననీ, సర్వేలో కావాలని తప్పు సమాచారం ఇచ్చాననీ కెమెరా ముందు చెప్పమనండి. వెంటనే రంగు మార్పిస్తాను. ఇవాళే మందు పడుతుంది.”

“కావాలని అనే మాట ఎందుకు సార్?”

“పొరపాటు మనది కాదని తెలియాలి కదమ్మా.”

*

ఆ గదిలో దీపాలు, ఒక కుర్చీ, కెమెరా వెనక ఒక మనిషి, పక్కన చిదంబరరావుగారు ఉన్నారు. అప్పలనరసమ్మ కొంగు భుజం చుట్టూ బిగించి కూర్చుంది. దారంతా సువర్చల ఆవిడకు నచ్చజెప్పలేదు. నచ్చజెప్పే మొహం తనకు లేదనుకుంది. జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకుంది.

“చెప్పండమ్మా. తవిటమ్మ మీకేమవుతుంది?” అన్నాడు కెమెరా మనిషి.

ఆవిడ పెదవులు కదిలాయి, మాట రాలేదు. కూతురు పుట్టిన నాటినుంచీ పళ్ళ బిగువున దాచుకున్న మాట అది. పెళ్ళిపీటల మీద కూడా అనలేదు. అంటే పిల్ల దక్కదని నమ్మిన మనిషి. సువర్చల వెళ్ళి పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది.

“నా కూతురు” అంది అప్పలనరసమ్మ. తర్వాత, వాకిట్లోంచి పిలిచినంత గట్టిగా, “నా కడుపున పుట్టింది. నా కూతురే అది. ఎవుడింటాడో ఇననీ.”

“సర్వేలో కావాలని అబద్ధం చెప్పానని కూడా అనండి.”

ఆవిడ చిదంబరరావుగారి వైపు తిరిగింది. “అలగంటే మందిస్తారా బాబూ?”

“ఇస్తామమ్మా.”

“నాను మీతోటి అబద్ధమాడలేదు. యముడితో ఆడినాను. పిల్లని బతికించుకోడానికి ఆడినాను. అది మీరొచ్చి ఎందుకు రాసుకున్నారో, రాసుకుని ఎందుకు నమ్మినారో నాకు తెల్దు. కానీ మందిస్తామన్నారు గదా, అయితే ఇనండి.” కెమెరా వైపు చూసింది. “కావాలనే అబద్ధమాడినాను. తప్పంతా నాదే. సాలా? యముడితోనే ఆడినదాన్ని, మీతో ఆడ్డం నాకొక లెక్క కాదు.”

కెమెరా మనిషి తల దించుకున్నాడు. చిదంబరరావుగారు “చివరి ముక్కలు తీసేయవచ్చు” అని నెమ్మదిగా అన్నారు.

లేవబోతూ అప్పలనరసమ్మ ఆగింది. “బాబూ, మా ఊరినిండా తవుళ్ళే. వాల తల్లులు సగం మంది పోనారు. వాలకెవులొచ్చి సెప్తారు ఈ కుర్సీలో కూకుని?”

ఆయన ఆ మాట విననట్టు సువర్చలతో అన్నారు. “చెట్ల తాళం తీయించాను. మూడో మనిషికి తెలియనక్కర్లేదు, ఆ ఒక్క కొమ్మా మీరే మార్చేయండి. మార్చాక చెప్పండి, మళ్ళీ వేయిస్తాను.”

సువర్చల తన బల్ల దగ్గర కూర్చుంది. అత్తవారి చెట్టు మొదటిసారి తెరిచింది. గౌరమ్మ నుంచి తవిటమ్మకు ఉన్న గీత తీసేసి, అప్పలనరసమ్మ నుంచి గీసింది. పూరణ రెప్పపాటులో మళ్ళీ లెక్క వేసుకుంది. పచ్చ పోయి ఎరుపు వచ్చింది. ఎరుపును చూసి ఎవరైనా సంతోషిస్తారా? ఆమె సంతోషించింది.

కాసేపటికి ఆస్పత్రి నుంచి సత్యం ఫోన్ చేశాడు. “తెరుచుకుంది. మందు ఎక్కిస్తున్నారు.” తర్వాత గొంతు తగ్గించాడు. “డాక్టరమ్మ... ప్రాణానికి భయం లేదంది. నడుస్తుందో లేదో మాత్రం చెప్పలేనంటోంది. పుట్టిన రోజే ఇచ్చి ఉంటే ఈ మాట అనాల్సిన పనే లేదట.”

ఫోన్ పెట్టేసి సువర్చల మళ్ళీ తెర వైపు తిరిగింది. బల్ల మీద ఇంటర్‌కమ్ మోగింది. “అయిందా అమ్మా? తాళం వేయించనా?”

“ఇంకాస్త పనుంది సార్” అంది.

సర్వే జవాబుల్లో ‘కొన్న పిల్ల’ అన్న మాట వెతికింది. మూడు జిల్లాల తవుళ్ళూ, తవిటయ్యలూ, పెంటయ్యలూ, పుల్లమ్మలూ వరసగా వచ్చి నిలబడ్డారు. వాళ్ళ తల్లులెవరో ఆమెకు తెలియదు. ఊహించి గీతలు గీస్తే తానూ చిదంబరరావుగారి పనే చేసినట్టు. అందుకని గీతలు గీయలేదు. అమ్మిన ఇంటి నుంచి బిడ్డకున్న గీతను, ప్రతి ఒక్కరికీ, తీసేసింది. ఆధారం లేని చోట పూరణ పూరించలేదు. పచ్చ చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఆధారం లేని వాళ్ళ కోసం, అనాథాశ్రమాల కోసం, ఎప్పుడో రాసి పెట్టిన కబురొకటి యంత్రంలోనే ఉంది. దాన్ని ఎవరూ పంపనక్కర్లేదు, దానంతట అదే వెళుతుంది. ‘మీ ఆరోగ్యం గురించి మాకు తెలియదు. దయచేసి కేంద్రానికి వచ్చి రక్తం ఇవ్వండి.’

చిదంబరరావుగారు పరుగున వచ్చారు. ఆయన పరుగెత్తడం ఎవరూ చూసి ఉండరు.

“ఏం చేశారు మీరు! అంతమందికి, మాకు తెలియదని మన సంస్థ చెప్పుకోవడమా? వెనక్కి తీసుకోండి!”

“ఏమని తీసుకోను సార్? తెలుసనా?”

ఆయన చాలా మాటలన్నారు. నమ్మకద్రోహమన్నారు, కేసన్నారు, ఇన్నేళ్ళ శ్రమ అన్నారు. ఆ ఆఖరి మాట దగ్గర ఆయన గొంతు నిజంగానే వణికింది. సువర్చలకు జాలి కలిగిన మాటా నిజమే. అయినా మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టి, వరండాలో కూర్చున్న అత్తగారి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

గేటు దగ్గరికి వచ్చేసరికే ఎవరో ఒకతను మోటారు సైకిల్ దిగి, వెనక కూర్చున్న భార్య ఒళ్ళోంచి బిడ్డను అందుకుంటున్నాడు. దూరంగా కొండమలుపులో మరో రెండు ఆటోలు ఎక్కుతున్నాయి. అతను ఫోను చాపి గేటు మనిషికి చూపిస్తున్నాడు.

“పెంటయ్యంటే నానే బాబూ. ఇదొచ్చింది. రక్తం ఇస్తాను, తీసుకోండి.”

“ఇక్కడ రక్తం తీయరయ్యా. సూది లేని పరీక్ష. పొరపాటున వచ్చి ఉంటుంది ఆ కబురు. వెళ్ళండి, వెళ్ళండి.”

పెంటయ్య కదల్లేదు. బిడ్డను భుజాన సర్దుకుని, చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి, ఆ చెయ్యి గేటు ఊచల్లోంచి లోపలికి చాపాడు.

“తెలీదని మీరే రాసినారు గదా బాబూ” అన్నాడు. “మరి తెలుసుకోండి.”